సముద్రం అడుగున జీరో టు హీరో

మొన్నామధ్య లంచ్ టేబుల్ దగ్గర మా టీంలో ఓ కుర్రాడు బాంబు పేల్చాడు. "అన్నా, నేను పేపర్ పెట్టేస్తున్నా" అన్నాడు. ఇంకో కంపెనీలో ఆఫర్ వచ్చిందేమో, హైక్ ఎంతో అడుగుదాం అనుకున్నాం అందరం. కాదట. థాయ్‌లాండ్‌లో కో టావ్ అని ఓ చిన్న దీవి ఉంది, అక్కడికెళ్లి ఆరు నెలల్లో స్కూబా డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్ అయిపోతాడట! ఇప్పటిదాకా వాడు నీళ్లలోకి దిగింది రెండే రెండు సార్లు. అవి కూడా టూరిస్టులకి చెయ్యి పట్టుకుని తిప్పి, ఫొటో తీసి పంపించే రకం. "నీకు ఈతే సరిగ్గా రాదు కదరా" అన్నాను. "అన్నీ వాళ్లే నేర్పిస్తారంట అన్నా, జీరో టు హీరో ప్యాకేజీ" అన్నాడు.

వాడి మొహంలో వెలుగు చూశాక "వద్దు" అనబుద్ధి కాలేదు. అలాగని "వెళ్లిరా" అని కూడా నోరు రాలేదు. ఎందుకంటే రెండేళ్ల క్రితం అండమాన్‌లో నాకో చిన్న అనుభవం జరిగింది. అది చివర్లో చెప్తాను.

నేనేదో పెద్ద డైవర్‌ని అనుకునేరు. నా లాగ్‌బుక్‌లో ఉన్నవి మొత్తం 31 డైవ్‌లు. కానీ ఏ విషయం మీదైనా దాని చరిత్ర తవ్వకుండా అభిప్రాయం చెప్పలేని జబ్బొకటి ఉంది నాకు. రెండు వీకెండ్‌లు కూర్చుని తవ్వాను. ఆరు నెలల్లో ఇన్‌స్ట్రక్టర్ కావచ్చా లేదా అన్న ప్రశ్నకి జవాబు, అసలు ఈ కోర్సులు ఎందుకు పుట్టాయి, ఎందుకు చిన్నవైపోయాయి అన్న కథలోనే దొరికింది.

నేర్పేవాడు లేని రోజులు

1943లో ఫ్రాన్స్‌లో జాక్ ఈవ్ కూస్తో అనే నౌకాదళ అధికారి, ఎమిల్ గన్యాన్ అనే ఇంజనీరు కలిసి ఆక్వాలంగ్ తయారు చేశారు. వీపున గాలి సిలిండర్, నోట్లో రెగ్యులేటర్. మనం పీల్చినప్పుడు మాత్రమే, మనమున్న లోతులో ఎంత పీడనం ఉందో అంత పీడనంతో గాలి ఇస్తుంది. (అన్నట్టు ఆ సిలిండర్‌లో ఉండేది ఆక్సిజన్ కాదు, మామూలు గాలే. మన వార్తాపత్రికల వాళ్లకి ఎవరైనా చెప్పండి బాబూ :)) అంతకుముందు సముద్రం అడుగుకి వెళ్లాలంటే రాగి హెల్మెట్, పైనుంచి గాలి గొట్టం, పడవలో పంపు కొట్టే మనుషులు.. పెద్ద తతంగం. ఇప్పుడు ఎవరికి వాళ్లే దిగొచ్చు.

చిక్కంతా ఆ "ఎవరికి వాళ్లే" దగ్గరే వచ్చింది. యుద్ధం అయిపోయాక 1940ల చివర్లో ఈ పరికరం అమెరికా చేరింది. కాలిఫోర్నియాలో ఆటవస్తువుల షాపుకెళ్లి డబ్బులిస్తే చేతికిచ్చేవాళ్లు. వాడటం వచ్చా అని అడిగే పద్ధతి లేదు, నేర్పే చోటూ లేదు.

ఇందులో ప్రమాదం ఏంటో రెండు ముక్కల్లో చెప్పాలి, లేకపోతే మిగతా కథ అర్థం కాదు. నీళ్లలో ప్రతి 10 మీటర్లకీ ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. అంటే 10 మీటర్ల లోతులో పైనున్నదానికి రెట్టింపు. అక్కడ నిండుగా గాలి పీల్చి, ఊపిరి బిగబట్టి పైకొచ్చేస్తే ఊపిరితిత్తుల్లో గాలి రెట్టింపు చోటు అడుగుతుంది. చోటు లేదు కాబట్టి ఊపిరితిత్తి చిరుగుతుంది, గాలి బుడగలు రక్తంలో కలిసి మెదడుకి చేరతాయి. దీనికి సముద్రమే అక్కర్లేదు, స్విమ్మింగ్ పూల్ లోతు చాలు. మరి భయమేసినప్పుడు మనిషి చేసే మొదటి పనేంటి? ఊపిరి బిగబట్టి పైకి పరిగెత్తడం! అంటే ప్రాణం కాపాడుకోవడానికి ఒళ్లు ఏం చెయ్యమంటుందో, అదే ప్రాణం తీస్తుంది. పుస్తకం చదివితే పోయే అలవాటు కాదిది.

అందుకే శిక్షణ అనేది మొదట పరిశోధకుల దగ్గర పుట్టింది. నీళ్లలో పరిశోధకులు చనిపోవడం మొదలయ్యాక, 1951లో కాలిఫోర్నియాలోని స్క్రిప్స్ సముద్ర పరిశోధన సంస్థ తన వాళ్లకి పద్ధతి ప్రకారం డైవింగ్ నేర్పమని కాన్రాడ్ లింబా అనే ఆయన్ని అడిగింది. ఆయన తయారు చేసిన పద్ధతే తర్వాత చాలావాటికి మూలం. 1954లో లాస్ ఏంజెలెస్ కౌంటీ నుంచి అల్ టిల్మన్, బెవ్ మోర్గన్ అని ఇద్దరు వచ్చి ఆయన దగ్గర నేర్చుకుని, మామూలు జనానికి కౌంటీ తరఫున కోర్సు మొదలుపెట్టారు. నేర్పేవాళ్లని తయారు చెయ్యడానికి విడిగా ఇంకో కోర్సు పెట్టారు.

అటు బ్రిటన్‌లో 1953లో బ్రిటిష్ సబ్ ఆక్వా క్లబ్ పుట్టింది. వాళ్లది ఇంకో దారి. క్లబ్బులో సీనియర్లు జూనియర్లకి ఊరికే నేర్పుతారు. చలికాలమంతా పూల్, ఎండాకాలం వస్తే సముద్రం. తొందరేం లేదు. అమెరికాలో 1959లో వైఎంసీఏ దేశవ్యాప్తంగా కోర్సు పెట్టింది, 1960లో నౌయీ అనే సంస్థ హ్యూస్టన్‌లో ఇన్‌స్ట్రక్టర్ల పరీక్షతో మొదలైంది. ఆ రోజుల్లో కోర్సు అంటే వారాల తరబడి నడిచేది, మిలటరీ వాసన కొట్టేది. నీళ్లలో మాస్క్ లాగేసేవాళ్లు, గాలి కట్టేసేవాళ్లు, కంగారు పడకుండా ఉంటేనే పాస్.

ఇక్కడో విషాదం చెప్పాలి. అదే 1960 మార్చిలో కాన్రాడ్ లింబా ఫ్రాన్స్‌లో పోర్ మియూ దగ్గర ఒక నీటి గుహలోకి డైవ్ చేసి, దారి తప్పి చనిపోయారు. ఎన్నో ఏళ్ల అనుభవం, అమెరికాకి డైవింగ్ నేర్పిన మనిషి. కానీ ఆయనకి తెలిసింది తెరిచి ఉన్న సముద్రం. నెత్తిమీద రాతి కప్పున్న నీళ్లు వేరు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికొస్తాను.

కోర్సు ఎందుకు చిన్నదైంది?

1966లో షికాగో దగ్గర జాన్ క్రోనిన్, రాల్ఫ్ ఎరిక్సన్ అనే ఇద్దరు కలిసి ప్యాడీ అనే సంస్థ పెట్టారు. ఒకాయన డైవింగ్ సామాను అమ్మే మనిషి, ఇంకొకాయన ఈత నేర్పే గురువు. ఇది చదివినప్పుడు నాకు "ఓహో, సేల్స్‌మన్ వచ్చాడు, కోర్సు చెడిపోయింది" అని కథ రాసెయ్యాలనిపించింది. కానీ నిజం అంత సులువుగా లేదు.

వాళ్లడిగిన ప్రశ్న సరైనదే. సరదాగా 15 మీటర్ల లోతులో చేపలు చూద్దామనుకునే ఒక స్కూల్ టీచర్‌కి మిలటరీ శిక్షణ ఎందుకు? ఒకే పెద్ద కోర్సు బదులు మెట్లు మెట్లుగా కడదాం. మొదటి మెట్టులో ఆ మెట్టుకి కావలసింది మాత్రమే నేర్పుదాం. ఇంకా లోతుకి వెళ్లాలనుకునేవాడు తర్వాతి మెట్టుకి వస్తాడు. (మళ్లీ డబ్బు కడతాడు, అది వేరే సంగతి.) మనవాళ్లకి ఇది కొత్తేం కాదు, మాడ్యూళ్లుగా విడగొట్టడమే. 1978లో వాళ్లు తెచ్చిన ఓపెన్ వాటర్ డైవర్ కోర్సు సరిగ్గా ఈ లెక్కమీదే నిలబడింది.

పైగా ఈలోగా సామాను కూడా మారింది. గాలి ఎంత మిగిలిందో చూపించే గేజ్, నీళ్లలో తేలడాన్ని మన చేతిలో పెట్టే జాకెట్, పక్కవాడికి ఇవ్వడానికి రెండో రెగ్యులేటర్.. ఇవన్నీ 1970లలో మామూలైపోయాయి. అంతకుముందు ఇద్దరు ఒకే రెగ్యులేటర్‌ని నోటినుంచి నోటికి మార్చుకుంటూ పైకి రావడం గంటలకొద్దీ సాధన చెయ్యాల్సి వచ్చేది. 1980లలో డైవ్ కంప్యూటర్లు వచ్చి పట్టికలు చూసి లెక్కలు వేసే పని తగ్గించాయి. కంపైలర్ వచ్చాక అసెంబ్లీ నేర్పడం తగ్గినట్టే. అందులో మోసమేం లేదు.

కాబట్టి ఈ రోజు మూడు నాలుగు రోజుల్లో, సముద్రంలో నాలుగు డైవ్‌లతో ఓపెన్ వాటర్ సర్టిఫికెట్ ఇస్తున్నారంటే నాకు పెద్ద అభ్యంతరం లేదు. నేనూ అలాగే నేర్చుకున్నా. ఆ కార్డు ఇచ్చే అనుమతి కూడా చిన్నదే. 18 మీటర్ల లోపు, జోడీతో, నువ్వు నేర్చుకున్నలాంటి నీళ్లలో మాత్రమే.

కానీ జాగ్రత్తగా చూడండి. మొదటి మెట్టు అంత చిన్నగా ఉన్నా ఫర్లేదని ఎందుకనుకున్నాం? పక్కన ఒక గురువు ఉంటాడు కాబట్టి. విద్యార్థికి రానిది గురువుకి వచ్చు అన్న నమ్మకం మీదే ఈ మేడంతా కట్టారు. కింద ఎంత తగ్గించారో అంత బరువు పైనున్నవాడి భుజాల మీద పడింది. వాడు గట్టిగా ఉన్నంతసేపూ ఏ గొడవా లేదు.

ఆ కత్తెర పైమెట్టు దాకా వెళ్లింది

సరే, పైనున్నవాడు ఎంత గట్టిగా ఉండాలి? ప్యాడీ లెక్క ఇది. డైవ్‌మాస్టర్ కోర్సులో చేరడానికి 40 డైవ్‌లు, పూర్తి చెయ్యడానికి 60. ఇన్‌స్ట్రక్టర్ పరీక్షకి 100 డైవ్‌లు, మొదటి సర్టిఫికెట్ వచ్చి కనీసం ఆరు నెలలు. "జీరో టు హీరో" వాళ్ల ఆరు నెలలు ఎక్కడినుంచి వచ్చిందో అర్థమైందా? అది సిలబస్ పూర్తవ్వడానికి పట్టే సమయం కాదు. అంతకన్నా ముందు ఇవ్వకూడదని పెట్టిన గీత. ఇంతకన్నా తక్కువైతే ఒప్పుకోం అని ఒకరు రాస్తే, ఇంతైతే చాలు అని ఇంకొకరు చదువుకున్నారు. మన ఇంజనీరింగ్ కాలేజీల్లో 75 శాతం అటెండెన్స్ రూలు ఏమైందో గుర్తుందిగా :)

ఒక లెక్క వేద్దాం. డైవ్ ఒక్కోటి 40 నిమిషాలు అనుకుంటే 100 డైవ్‌లంటే 4000 నిమిషాలు, అంటే సుమారు 66 గంటలు. రిలీజ్ ముందు వారంలో మనం ఆఫీసులో పడుండే సమయం అంత! ఆ 66 గంటల అనుభవంతో ఒక మనిషి, నిబంధనల ప్రకారం సముద్రంలో ఒకేసారి ఎనిమిది మంది కొత్తవాళ్లని తీసుకెళ్లొచ్చు.

ఇంతకీ ఈ గీతలు గీసేదెవరు? అమెరికాలో 1977లో వృత్తి డైవర్లకి ప్రభుత్వం భద్రతా నిబంధనలు తెచ్చినప్పుడు, సరదా డైవింగ్ నేర్పే ఇన్‌స్ట్రక్టర్లని వాటి పరిధిలోంచి మినహాయించింది. ఎలా నేర్పాలో, ఎంత నేర్పాలో ఆ రంగమే నిర్ణయించుకుంటుంది. తర్వాత ఐఎస్ఓ ప్రమాణాలు వచ్చాయి కానీ, వాటి వెనకా ఈ రంగం వాళ్లే ఉన్నారు. తన పరీక్ష పేపర్ తనే దిద్దుకోవడం అని అనను. ప్యాడీలో ఇన్‌స్ట్రక్టర్ పరీక్ష పెట్టేది నేర్పినవాళ్లు కాదు, బయటినుంచి వచ్చే ఎగ్జామినర్. అది మంచి పద్ధతే. కానీ ఆ పరీక్ష రోజు చూసేది ఏంటి? అభ్యర్థి వరస తప్పకుండా నేర్పాడా, విద్యార్థిగా నటిస్తున్నవాడు కావాలని చేసిన తప్పు పట్టుకున్నాడా, రక్షించడం చూపించాడా అని. నటించే భయానికీ నిజమైన భయానికీ తేడా ఆ పరీక్షలో తెలీదు.

కో టావ్ లాంటి దీవుల్లో ఇంకో కిటుకుంది. అక్కడ పోటీ ఎంత ఎక్కువంటే బిగినర్ కోర్సులో మిగిలేది తక్కువ. ఒక టూరిస్టుని ఇన్‌స్ట్రక్టర్ దాకా నడిపిస్తే నాలుగైదు కోర్సుల ఫీజు. అంటే ఇన్‌స్ట్రక్టర్ అనేవాడు స్కూలుకి ఉద్యోగి కాకముందు కస్టమర్. కస్టమర్‌ని "నువ్వింకా తయారవ్వలేదు, ఇంకో ఏడాది డైవ్ చేసి రా" అని ఎంతమంది పంపిస్తారు?

అవతలి వాదన కూడా వినాలి

ఫాస్ట్ ట్రాక్‌ని సమర్థించేవాళ్లు చెప్పేదాంట్లో బలముంది. ఏడాదికి పది డైవ్‌లు చేస్తూ పదేళ్లలో వంద పూర్తి చేసినవాడికన్నా, ఆరు నెలలు రోజూ నీళ్లలో ఉన్నవాడి చెయ్యి చురుగ్గా ఉంటుంది. నిజమే. మంచి స్కూల్లో చేరితే ఆ ఆరు నెలల్లో వందకి రెట్టింపు డైవ్‌లు కూడా అవుతాయి, అసలు క్లాసుల్లో సీనియర్‌కి సాయంగా ఉంటారు. ప్రథమ చికిత్స, రెస్క్యూ శిక్షణ తప్పనిసరి. అమీర్‌పేటలో 45 రోజుల కోర్సు చేసి వచ్చినవాళ్లని మనమూ ఒకప్పుడు ఎగతాళి చేశాం, వాళ్లలో ఒకాయన ఇప్పుడు మా ఆర్కిటెక్ట్. వేగంగా నేర్చుకోవడం పాపం కాదు.

కానీ ఆయన ఆర్కిటెక్ట్ అయ్యింది 45 రోజుల వల్ల కాదు. మొదటి మూడేళ్లు ఆయన కోడ్‌ని ఎవరో ఒకరు రివ్యూ చేశారు. ప్రొడక్షన్‌లో పగిలితే రోల్‌బ్యాక్ ఉంది. నీళ్లలో అది లేదు.

ఇంకోటి. వంద డైవ్‌లు అంటే వంద రకాల డైవ్‌లు కాదు. అదే పడవ, అదే రీఫ్, అదే వెచ్చటి తేట నీరు అయితే అది ఒకే డైవ్ వందసార్లు. మనం ఇంటర్వ్యూల్లో అంటుంటాం కదా, పదేళ్ల అనుభవమా, ఒక ఏడాది అనుభవం పదిసార్లా అని. లింబా సంగతి గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. ఫ్లోరిడాలో నీటి గుహల దగ్గర హెచ్చరిక బోర్డులుంటాయి. ఇలాంటి గుహల్లో చనిపోయినవాళ్లలో డైవింగ్ ఇన్‌స్ట్రక్టర్లు కూడా ఉన్నారని వాటిమీద ప్రత్యేకంగా రాసుంటుంది. 1979లో షెక్ ఎక్స్‌లీ అనే గుహ డైవర్ ఆ ప్రమాదాలన్నీ విడదీసి చూసి ఒక చిన్న పుస్తకం రాశారు. మనం రాసే పోస్ట్‌మార్టెమ్ రిపోర్టులాంటిదే. గుహకి తగ్గ శిక్షణ లేకపోవడం, తిరిగొచ్చే దారికి తాడు వేసుకోకపోవడం, వెనక్కి రావడానికి సరిపడా గాలి దాచుకోకపోవడం. కార్డు మీద ఇన్‌స్ట్రక్టర్ అని రాసుందా లేదా అని ఆ నీళ్లు చూడలేదు.

మామూలు సముద్రం సంగతి కూడా చూద్దాం. డైవర్స్ అలర్ట్ నెట్‌వర్క్ పరిశోధకులు 1992 నుంచి 2003 దాకా జరిగిన 947 డైవింగ్ మరణాలని పరిశీలించి 2008లో ఒక పత్రం ప్రచురించారు. మొదట దారితప్పించిన కారణం తెలిసిన కేసుల్లో 41 శాతం గాలి అయిపోవడం! షార్క్ కాదు, తిమింగలం కాదు. గేజ్ చూసుకోకపోవడం లాంటి చిన్న విషయం. చిన్న విషయాన్ని ముందే పసిగట్టడమే కదా గురువు పని.

ఇప్పుడు అండమాన్ కథ

నా మొదటి కోర్సు హావ్‌లాక్‌లో (2018లో దాని పేరు స్వరాజ్ ద్వీప్‌గా మార్చారు). నేర్పినాయనకి నలభై దాటుంటాయి, చాలా ఏళ్లుగా అదే పని. మేం నలుగురం. రెండో రోజు 9 మీటర్ల దగ్గర మాలో ఒకమ్మాయి బానే ఉన్నట్టు సైగ చేసింది. నాకూ బానే ఉన్నట్టే కనిపించింది. ఆయన మాత్రం మిగతా ముగ్గురినీ ఆగమని, ఆమె చెయ్యి పట్టుకుని, కళ్లలోకి చూస్తూ తన ఊపిరి లెక్క చూపించడం మొదలుపెట్టాడు. ఒక నిమిషానికి ఆమె భుజాలు కిందికి దిగాయి. పైకొచ్చాక "మీకెలా తెలిసింది సార్?" అని అడిగాను. "బుడగలు చూశాను, గ్యాప్ లేకుండా వస్తున్నాయి" అన్నాడు. అంతే.

తర్వాతి ఏడాది వేరే చోట దిగాను. గైడు నా వయసువాడే, ఇన్‌స్ట్రక్టర్ కార్డు వచ్చి రెండు నెలలైందని తనే సంతోషంగా చెప్పాడు. పైన బ్రీఫింగ్ అద్భుతంగా ఇచ్చాడు, ఒక్క పాయింట్ తప్పలేదు. కింద ప్రవాహం పెరిగింది. ఒకతని ఫిన్ జారింది. మావాడు పూర్తిగా ఆ ఫిన్ మీదే పడ్డాడు. ప్రవాహానికి ఎదురు నిలబడ్డానికి నేను కాళ్లు కొడుతూనే ఉన్నా, గాలి ఎంత తాగేస్తున్నానో నాకే తెలీలేదు. గేజ్ చూసేసరికి 40 బార్. 50 దగ్గర పైనుండాలని బ్రీఫింగ్‌లో చెప్పింది ఆయనే. నేను వెళ్లి గేజ్ చూపిస్తే అతని కళ్లు పెద్దవయ్యాయి. నా కళ్లలో ఏముందో అతనికి కనిపించిందో లేదో తెలీదు కానీ, అతని కళ్లలో ఉన్నది నాకు బాగా కనిపించింది. అందరం క్షేమంగానే పైకొచ్చాం. తప్పు నాది కూడా, గేజ్ నాదే కదా.

అతను చెడ్డవాడు కాదు, సోమరి కాదు, కోర్సులో నేర్పినదేదీ మర్చిపోలేదు. ఒక సమస్య మీద పనిచేస్తూ మిగతా ముగ్గురిమీద ఒక కన్నేసి ఉంచడం అనేది ఇంకా ఒంట్లోకి ఇంకలేదు. అది ఎవరికైనా టైం పడుతుంది. ఆ టైం అతనికి ఎవరూ ఇవ్వలేదు, నేరుగా మమ్మల్ని ఇచ్చారు.

కాబట్టి నా మటుకు నా అభిప్రాయం ఇది. ఫాస్ట్ ట్రాక్‌లో సిలబస్ సరిపోతుంది. చాలనిది సిలబస్ బయట ఉండేది. కింది మెట్టు కోర్సుని ధైర్యంగా తగ్గించగలిగింది గురువుని నమ్ముకునే. ఆ గురువు కోర్సుని కూడా అదే కత్తెరతో కత్తిరిస్తే ఇక నమ్ముకోవడానికి ఎవరూ మిగలరు.

మావాడికి "వద్దు" అని చెప్పలేదు. నాలుగు మాటలు చెప్పాను.

1. ఉద్యోగం మానే ముందు మామూలు కోర్సు చేసి, వాడి డబ్బుతో వాడు ఓ 50 డైవ్‌లు చెయ్యాలి. అలలున్న చోట, నీరు మసకగా ఉన్న చోట కూడా. మన వైజాగ్‌లోనే దిగొచ్చు, అండమాన్ తేటనీళ్లే సముద్రం అనుకోకుండా ఉంటాడు.
2. స్కూలుని "ఎన్ని రోజుల్లో?" అని కాదు, "ఆరు నెలల్లో తయారవ్వకపోతే ఏం చేస్తారు?" అని అడగాలి. వచ్చే జవాబుని బట్టి స్కూలేంటో తెలిసిపోతుంది.
3. కార్డు వచ్చాక మొదటి ఏడాది ఒక సీనియర్ పక్కన సహాయకుడిగానే దిగాలి, జీతం తక్కువైనా సరే.
4. ముందు ఈత నేర్చుకోరా నాయనా.

వాడు కాసేపు అలిగాడు. "అన్నా, నువ్వు కూడా మా నాన్నలా మాట్లాడుతున్నావ్" అన్నాడు. మొన్న సోమవారం మాత్రం పొద్దున్నే తడి జుట్టుతో ఆఫీసుకొచ్చాడు. గచ్చిబౌలిలో పూల్‌కి వెళ్తున్నాడట. పేపర్ ఇంకా పెట్టలేదు.

మీలో ఎవరైనా ఈ ఫాస్ట్ ట్రాక్ దారిలో ఇన్‌స్ట్రక్టర్ అయినవాళ్లుంటే, మొదటి ఏడాది నిజంగా ఎలా గడిచిందో రాయండి. నేను చెప్పింది తప్పైతే తప్పని చెప్పండి. వాడికి చూపిస్తాను.